బ్యాంకాక్ నుంచి హైదరాబాద్‌కి: నెలల తరబడి సాగిన బ్యాక్‌ప్యాకింగ్ ట్రిప్‌లో ఆఖరి వారం పక్కాగా ముగించడం ఎలా

వియత్నాం, లావోస్, కంబోడియా, థాయ్‌లాండ్ కలిపి రెండు మూడు నెలలు తిరిగొచ్చే తెలుగువాళ్లు ఇప్పుడు బాగా పెరిగారు. ఎలా బయల్దేరాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. నన్ను మాత్రం ఎక్కువమంది అడుగుతున్నది ముగింపు గురించి. ఆఖరి వారంలో ముందు ఏం చేయాలి, ఏం వదిలేయాలి, ఏ పని మర్చిపోతే ఇంటికొచ్చాక ఇబ్బంది?

అందుకే ఇది రాస్తున్నాను. ఎక్కువమంది చివరకు చేరేది బ్యాంకాక్‌కే కాబట్టి, అక్కడి నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకున్నాను.

మొత్తం ప్లాన్‌కి ఒకటే సూత్రం: అక్కడ మాత్రమే తేలే పనులు ముందు, ఇంటికొచ్చాక కూడా చేసుకోగలిగేవి తర్వాత. స్కూటర్ డిపాజిట్, పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు, పాస్‌పోర్టు ముద్ర గడువు మొదటి రకం. ఫొటోల ఎడిటింగ్, బూట్లు కడగడం, దూరపు బంధువులకు గిఫ్టులు రెండో రకం. చాలామంది ఆఖరి మూడు రోజులూ రెండో రకం పనులతో గడిపేసి, మొదటి రకం పనుల్ని ఎయిర్‌పోర్టు దాకా మోసుకెళ్తారు. టెన్షన్ అంతా అక్కడ మొదలవుతుంది.

## 1. ఏడు రోజుల ముందు: టికెట్ మళ్లీ చదవండి

నెలల క్రితం బుక్ చేసిన టికెట్ మీద నమ్మకం పెట్టుకోకండి. మెయిల్ తెరిచి, ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్ కొట్టి, టైమింగ్ మారిందేమో చూడండి. తర్వాత మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి.

తేదీ. టికెట్‌లో 15వ తేదీ, 00:40 అని ఉంటే మీరు ఎయిర్‌పోర్టులో ఉండాల్సింది 14వ తేదీ రాత్రి. 15న తాపీగా రూమ్ ఖాళీ చేసి బయల్దేరితే ఫ్లైట్ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. ట్రిప్ పొడవునా వారాలూ తేదీలూ మర్చిపోయి తిరిగినవాళ్లు ఈ పొరపాటు ఇట్టే చేస్తారు. ఫోన్‌లో ఫ్లైట్ టైముకి కాదు, హాస్టల్ నుంచి బయల్దేరాల్సిన టైముకి అలారం పెట్టండి.

ఎయిర్‌పోర్టు. బ్యాంకాక్‌కి రెండున్నాయి. సువర్ణభూమి నగరానికి తూర్పున, డాన్ మువాంగ్ ఉత్తరాన. థాయ్ ఎయిర్‌వేస్, ఇండిగో సువర్ణభూమి నుంచి ఎగురుతాయి. థాయ్ ఎయిర్ ఏషియా ఫ్లైట్లు ఎక్కువగా డాన్ మువాంగ్ నుంచే. టికెట్ మీద బీకేకే అని ఉంటే సువర్ణభూమి, డీఎంకే అని ఉంటే డాన్ మువాంగ్. ట్యాక్సీ ఎక్కగానే ఎయిర్‌పోర్టు అని ఊరుకోకుండా పేరు పెట్టి చెప్పండి.

లగేజీ. చవక టికెట్లలో చాలాసార్లు చేతిలో 7 కిలోలే ఉంటాయి, చెక్‌ఇన్ లగేజీ విడిగా కొనాలి. బయల్దేరినప్పుడు 9 కిలోలున్న బ్యాగు తిరిగొచ్చేటప్పుడు 14 అయి ఉంటుంది. కౌంటర్ దగ్గర కట్టే రేటు ఆన్‌లైన్ రేటు కంటే చాలా ఎక్కువ కాబట్టి ఇప్పుడే యాడ్ చేసుకోండి.

చెక్‌లిస్టు:
- ☐ ఫ్లైట్ టైము, తేదీ ఎయిర్‌లైన్ సైట్‌లో సరిచూశాను
- ☐ ఏ ఎయిర్‌పోర్టో రాసుకున్నాను
- ☐ ఎన్ని కిలోలకు అనుమతి ఉందో చూశాను
- ☐ ట్రావెల్ ఇన్సూరెన్స్ హైదరాబాద్‌లో దిగే రోజు దాకా ఉంది
- ☐ ఇండియా సిమ్ యాక్టివ్‌గా ఉంది, ఓటీపీ వస్తోంది

ఇన్సూరెన్స్ గడువు విడిగా చూడండి. మధ్యలో ట్రిప్ నాలుగు రోజులు పొడిగించుకుని, పాలసీని పొడిగించడం మరిచిపోయేవాళ్లు ఉంటారు. గడువు దాటిపోతే పొడిగించడం కష్టం. దాటకముందే కంపెనీకి మెయిల్ పెట్టండి.

## 2. పాస్‌పోర్టు ముద్ర: గడువు లెక్క

ఇండియన్లకు థాయ్‌లాండ్ ఎన్ని రోజులు ఇస్తోందన్న చర్చ ఈ దశలో అనవసరం. మీ పాస్‌పోర్టులో అధికారి కొట్టిన ముద్రలో ఏ తేదీ ఉందో అదే లెక్క. పాస్‌పోర్టు తీసి ఆ పేజీ ఫొటో తీసుకోండి.

సొంతంగా లెక్కించేవాళ్లు దిగిన రోజును వదిలేస్తారు. దిగిన రోజు కూడా ఒక రోజే. నవంబరు 1న దిగిన మనిషికి 60 రోజుల అనుమతి ఉంటే అది డిసెంబరు 31న కాదు, 30న అయిపోతుంది. ముద్రలో ఆఖరి రోజు 30 అయి, ఫ్లైట్ 30 అర్ధరాత్రి దాటాక ఉంటే, పన్నెండు కొట్టకముందే ఇమ్మిగ్రేషన్ దాటి లోపలికి వెళ్లిపోండి.

గడువు దాటితే జరిమానా రోజుకి 500 బాత్ (థాయ్ కరెన్సీ), గరిష్ఠంగా 20,000 బాత్. ఎయిర్‌పోర్టులో కట్టి బయటపడొచ్చు గానీ, కౌంటర్ దగ్గర టైము పోతుంది, పాస్‌పోర్టులో రికార్డూ ఉంటుంది. ఫ్లైట్‌కి ముందే ఊళ్లో పోలీసు తనిఖీలో దొరికితే సంగతి వేరు. కొన్నేళ్లపాటు మళ్లీ రాకుండా నిషేధం పడుతుంది. నాలుగైదు రోజులు తేడా వచ్చేలా ఉంటే ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో 1,900 బాత్ కట్టి పొడిగింపు అడగడం మేలు.

ఆఖర్లో వియత్నాం నుంచో లావోస్ నుంచో మళ్లీ థాయ్‌లాండ్‌లోకి వచ్చి ఫ్లైట్ ఎక్కేవాళ్లు మూడు విషయాలు చూసుకోవాలి.

- 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దేశంలోకి వచ్చే ముందు మూడు రోజుల్లోపు నింపాలి. ఇది ఉచితం. డబ్బు అడుగుతోందంటే అది ప్రభుత్వ సైట్ కాదు.
- వీసా లేకుండా రోడ్డు సరిహద్దు దాటి రావడం క్యాలెండర్ సంవత్సరానికి రెండుసార్లే. మీ ట్రిప్‌లో అలా ఎన్నిసార్లు దాటారో పేజీలు తిప్పి లెక్కపెట్టండి. రెండూ అయిపోతే విమానంలో రండి.
- తిరుగు టికెట్ ప్రింటు గానీ, ఫోన్‌లో ఆఫ్‌లైన్ కాపీ గానీ ఉంచుకోండి.

## 3. ఫ్లైట్‌కి రెండు రాత్రుల ముందే బ్యాంకాక్ చేరండి

ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఉదయం పడవ, మధ్యాహ్నం బస్సు, రాత్రి ఫ్లైట్ అనే ప్లాన్ కాగితం మీద బావుంటుంది. కో టావో, కో ఫంగన్ దీవుల నుంచి ముందు పడవలో చుంఫోన్‌కో సూరత్ థానీకో రావాలి, అక్కడి నుంచి బస్సు లేదా రైలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ వైపు సముద్రం బాగా పోటెత్తుతుంది, పడవలు ఆగిపోతాయి. ఒక్క పడవ రద్దయితే వెనకున్నవన్నీ పోతాయి.

సరిహద్దులనూ నమ్మలేం. 2025లో థాయ్‌లాండ్, కంబోడియాల మధ్య ఘర్షణలతో రోడ్డు సరిహద్దులు మూతపడ్డాయి. కంబోడియాలోని సియెమ్ రీప్‌లో ఉండి బ్యాంకాక్ ఫ్లైట్ అందుకోవాల్సినవాళ్లకు బస్సు దారి లేకుండా పోయింది. విమానం టికెట్ కొనుక్కోవాల్సిందే. ఆఖరి వారంలో రోడ్డు సరిహద్దు దాటే ప్లాన్ ఉంటే, దానికి బదులుగా ఏ ఫ్లైట్ ఉందో, ఎంత అవుతుందో ముందే చూసి పెట్టుకోండి.

చియాంగ్ మయి నుంచి రాత్రి రైల్లో వచ్చేవాళ్లకు ఒక మాట. 2023 జనవరి నుంచి దూరప్రాంత రైళ్లు చాలావరకు పాత స్టేషన్ హువా లంఫోంగ్‌కి కాకుండా క్రుంగ్ థెప్ అఫివత్ స్టేషన్‌కి వస్తున్నాయి. పాత బ్లాగులు చూసి హాస్టల్ హువా లంఫోంగ్ పక్కన తీసుకుంటే మళ్లీ మెట్రో ఎక్కాలి. డాన్ మువాంగ్ నుంచి ఫ్లైట్ ఉన్నవాళ్లకు మాత్రం ఈ కొత్త స్టేషన్ బాగా కలిసొస్తుంది. రెడ్ లైన్ రైలు ఇక్కడి నుంచి సరాసరి డాన్ మువాంగ్ వెళ్తుంది.

కో టావోలో స్కూబా డైవింగ్ నేర్చుకున్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువైతే కనీసం 18 గంటలు ఆగాలి. ఒక రోజు పూర్తిగా వదిలేయడం ఇంకా మంచిది. రక్తంలో కరిగిన నైట్రోజన్ పైకి వెళ్లాక బుడగలు కడుతుంది, అది ప్రాణాల మీదకు తెస్తుంది.

## 4. డిపాజిట్లు, స్కూటర్, బిల్లులు

అక్కడ మాత్రమే తేలే పనుల్లో అన్నిటికంటే మొండిది ఇదే.

స్కూటర్‌ని ఆఖరి గంటలో తిరిగివ్వకండి. మీకు బస్సు టైమైపోతోందని షాపతనికి తెలిస్తే బేరం ఆయన చేతిలోకి వెళ్తుంది. ముందు రోజు మధ్యాహ్నం, వెలుతురు ఉండగా ఇవ్వండి. ఇచ్చే ముందు బండిని నీళ్లతో కడిగి ఆరనివ్వండి. తడి బండి మీద పాత గీతలు కనపడవు, ఆరాక కనిపిస్తాయి. తర్వాత బండి చుట్టూ తిరుగుతూ వీడియో తీయండి. రెండు అద్దాలు, ముందు మడ్‌గార్డు అంచు, ఎడమవైపు, సైలెన్సర్ కింద, కుడివైపు, వెనక నంబర్ ప్లేటు, మీటర్లో కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు. బండి తీసుకున్న రోజు వీడియో కూడా ఫోన్‌లో ఉంటే రెండూ పక్కపక్కన చూపించండి. గొంతు పెంచాల్సిన పని రాదు.

పాస్‌పోర్టు తాకట్టు పెట్టి బండి తీసుకునే అలవాటు ఇప్పటికైనా మానాలి. పెట్టినవాళ్లు మాత్రం ఆఖరి వారం మొదటి పనిగా దాన్ని వెనక్కి తెచ్చుకోండి. నగదు డిపాజిట్‌కి మార్చమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

గొడవ ముదిరితే టూరిస్ట్ పోలీసుల నంబరు 1155. ఇంగ్లిష్‌లో మాట్లాడతారు.

ఇవీ చూసుకోండి:
- ☐ హాస్టల్ తాళం, టవల్ డిపాజిట్ రసీదు
- ☐ డైవింగ్ సర్టిఫికెట్, కోర్సు కాగితాలు
- ☐ ఎక్కడో వదిలిన లగేజీ (చియాంగ్ మయి హాస్టల్లో బూట్లు, హనోయిలో జాకెట్ లాంటివి)
- ☐ దొంగతనం జరిగి ఉంటే పోలీసు రిపోర్టు కాపీ, స్టేషన్ ముద్రతో
- ☐ ఆసుపత్రి బిల్లు అసలు కాపీ, డాక్టరు రాసిన కారణం, మందుల రసీదు

చివరి రెండూ ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి ప్రాణం. ఇంటికొచ్చాక థాయ్ ఆసుపత్రికి మెయిల్ పెట్టి కాగితం తెప్పించుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. అక్కడ ఉండగా వెళ్తే అర పూటలో పని అయిపోతుంది. కాగితం థాయ్ భాషలో ఇస్తే ఇంగ్లిష్‌లో ఇవ్వమని అప్పుడే అడగండి.

పాస్‌పోర్టే పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత సుఖుంవిత్ సోయి 23లో ఉన్న భారత రాయబార కార్యాలయంలో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ (ఇంటికి రావడానికి ఇచ్చే తాత్కాలిక పత్రం), ఆ తర్వాత థాయ్ ఇమ్మిగ్రేషన్ ఆఫీసు. ఈ వరుస మారదు, ఒక్క రోజులో అయ్యే పని కాదు. రెండు రాత్రుల ముందే బ్యాంకాక్ చేరమనడానికి ఇదీ ఒక కారణం.

## 5. ఆరోగ్యం: ఒంట్లో ఏం మోసుకెళ్తున్నారో చూసుకోండి

ట్రిప్‌లో కుక్క కరిచినా, గుడి దగ్గర కోతి గీరినా టీకా కోర్సు మధ్యలో ఆపకండి. రేబిస్ డోసులు మొదటి రోజు (దాన్ని సున్నాగా లెక్కిస్తారు), 3వ రోజు, 7వ రోజు, ఆపైన, అలా కొన్ని వారాలు నడుస్తాయి. బ్యాంకాక్‌లో రామా 4 రోడ్డులో క్వీన్ సావోభా మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, థాయ్ రెడ్‌క్రాస్ వాళ్లది. మిగిలిన డోసులు ఇంటికొచ్చాక పూర్తి చేసుకోవాల్సి వస్తే హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కి వెళ్లొచ్చు.

టీకా కండకి ఇచ్చారా, చర్మంలోకి ఇచ్చారా అన్నదాన్ని బట్టి షెడ్యూలు మారుతుంది. కాబట్టి టీకా పేరు, ఇచ్చిన పద్ధతి, తేదీలు ఉన్న కార్డు తప్పకుండా తెచ్చుకోండి. కార్డు లేకపోతే ఇక్కడి డాక్టరు ఎక్కడి నుంచి కొనసాగించాలో తేల్చుకోలేరు.

మలేరియా మాత్రలు వాడుతుంటే, ఇంటికి వచ్చేశాం కదా అని ఆపేయకండి. డాక్సీసైక్లిన్ అయితే ఆ ప్రాంతం వదిలాక కూడా 4 వారాలు వేసుకోవాలి.

ఆఖరి రెండు రోజులూ తిండి విషయంలో సాహసాలు వద్దు. పచ్చి రొయ్యల సలాడ్ రుచి చూడాలంటే పది రోజుల ముందే చూడాల్సింది. నాలుగు గంటల ఫ్లైట్‌లో కడుపు తిప్పితే పడే అవస్థ ఎవరికీ వద్దు.

## 6. బట్టలు, బ్యాగు

లాండ్రీ ఆఖరి రోజు ఇచ్చేవాళ్లకు తడి బట్టలే తిరిగొస్తాయి. రెండు రోజుల ముందు ఇవ్వండి. కాయిన్ మెషీన్లున్న షాపుకి వెళ్తే ఇంకా మంచిది, డ్రయ్యర్ మీ చేతిలో ఉంటుంది. డ్రయ్యర్‌ని బాగా వేడి మీద పెట్టి అరగంట పైన తిప్పండి. హాస్టళ్లలో నల్లులు బ్యాగు కుట్లలో దూరి మనతో వచ్చేస్తాయి, బాగా వేడి తగిలితే చస్తాయి.

బ్యాగుని పూర్తిగా ఖాళీ చేయండి. మొత్తం మంచం మీద పోసి మూడు కుప్పలు చేయండి: ఇంటికి, హాస్టల్‌లో వదిలేసేవి, చెత్త. సగం అయిపోయిన సన్‌స్క్రీన్, చిరిగిన రెయిన్‌కోటు, తాళం కప్ప, అడాప్టర్ లాంటివి తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తాయి. చాలా హాస్టళ్లలో అందుకోసం ఒక పెట్టె ఉంటుంది.

తర్వాత సర్దే వరుస:

1. బరువైనవి వీపుకి ఆనుకునేలా మధ్యలో.
2. ద్రవాలు రెండు కవర్లలో, చెక్‌ఇన్ బ్యాగులో. చేతి బ్యాగులో ఒక్కో సీసా 100 మి.లీ. దాటకూడదు.
3. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చేతి బ్యాగులోనే. చెక్‌ఇన్‌లో పెడితే స్కానర్‌లో పట్టుబడి మిమ్మల్ని వెనక్కి పిలుస్తారు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్-అవర్, విమానాల్లో మామూలుగా అనుమతించే 100 లోపు కాబట్టి ఇబ్బంది లేదు. మీద అంకెలు చెరిగిపోయినవి మాత్రం ఆపేస్తారు. థాయ్ ఎయిర్‌వేస్‌లో 2025 మార్చి నుంచి ఫ్లైట్‌లో పవర్ బ్యాంకు వాడనివ్వడం లేదు, ఫోన్ ముందే చార్జ్ చేసుకోండి.
4. కత్తి, కత్తెర, ట్రెకింగ్ కర్రలు చెక్‌ఇన్‌లో.
5. వేలాడే పట్టీలన్నీ లోపలికి దోపి, రెయిన్ కవర్‌ని తిరగేసి తొడగండి. కన్వేయర్ బెల్టులో పట్టీ ఇరుక్కుంటే తెగేది బ్యాగే.
6. పాస్‌పోర్టు, ఫోన్, నగదు, టీకా కార్డు, మందులు, ఒక జత బట్టలు చేతి బ్యాగులో.

అయ్యాక తూకం వేయండి. హాస్టల్ రిసెప్షన్‌లో చిన్న తూకం చాలాచోట్ల ఉంటుంది. సువర్ణభూమి చెక్‌ఇన్ వరుసల దగ్గర ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు మోకాళ్ల మీద కూర్చుని, బ్యాగు నేల మీద తెరిచి, జీన్స్ ప్యాంటు ఇందులోంచి అందులోకి మారుస్తుంటారు. వెనక క్యూలో వాళ్లు చూస్తుంటారు. ముందు రోజు రాత్రి రూమ్‌లో పది నిమిషాల పని అది.

ఫొటోలు కూడా ఇప్పుడే. హాస్టల్ వైఫైలో రాత్రంతా క్లౌడ్‌కి ఎక్కించి, మెమరీ కార్డును కెమెరా నుంచి తీసి వేరే జేబులో పెట్టండి. రెండు కాపీలు ఒకే బ్యాగులో ఉంటే ఒక కాపీ ఉన్నట్టే.

## 7. కొనుగోళ్లు, వ్యాట్ వాపసు

షాపింగ్‌కి ఒక పూట చాలు. చిన్న చిన్న గిఫ్టులు డజన్ల లెక్కన కావాలంటే యావోరాత్ (బ్యాంకాక్ చైనాటౌన్) దగ్గర సాంపెంగ్ సందు, బట్టలకు ప్రతూనామ్. చతుచక్ వారాంతపు సంత పూర్తి స్థాయిలో శని, ఆదివారాల్లోనే, మీ ఆఖరి రోజులు అవేనా చూసుకోండి. ఎండబెట్టిన మామిడి, చింతపండు మిఠాయి, ముక్కు దగ్గర పెట్టుకునే పుదీనా ఇన్‌హేలర్లు: బరువు ఉండవు, ఇంట్లో అందరికీ పంచొచ్చు. చెక్క ఏనుగులు మానేయమనే నా సలహా.

వ్యాట్ (కొన్న వస్తువు ధరలో కలిసి ఉండే పన్ను) వాపసు కావాలంటే:

1. వ్యాట్ వాపసు బోర్డు ఉన్న షాపులో, ఒకే రోజు, 2,000 బాత్‌కి తగ్గకుండా కొనాలి.
2. పాస్‌పోర్టు చూపించి ఫారం అప్పుడే రాయించుకోవాలి. తర్వాత వస్తే ఇవ్వరు.
3. కొన్నవాటి విలువ ఎక్కువైతే, ఎయిర్‌పోర్టులో లగేజీ అప్పగించకముందే వస్తువులతో కస్టమ్స్ కౌంటర్‌కి వెళ్లాలి. మీ మొత్తానికి అది అవసరమా అని షాపులోనే అడగండి.
4. ఇమ్మిగ్రేషన్ దాటాక వాపసు కౌంటర్‌లో డబ్బు తీసుకోవాలి.

వ్యాట్ 7 శాతం. అందులోంచి రుసుము పోతుంది. మూడు వేల బాత్ చొక్కాల కోసం గంట క్యూలో నిలబడటం దండగ. కెమెరా, ఫోన్ లాంటివి కొంటే మాత్రం తప్పక చేయండి.

బుద్ధుడి విగ్రహాలు కొనేముందు ఆలోచించండి. థాయ్‌లాండ్ నుంచి బయటకు తీసుకెళ్లడానికి అక్కడి ఫైన్ ఆర్ట్స్ విభాగం అనుమతి కావాలి.

## 8. ఇంటికి తేకూడనివి

ఇది అన్నిటికంటే నెమ్మదిగా చదవండి.

థాయ్‌లాండ్‌లో 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితాలోంచి తీసేశారు. 2025 జూన్‌లో మళ్లీ కట్టడి చేసి, పువ్వు కొనాలంటే ప్రిస్క్రిప్షన్ కావాలన్నారు. అయినా షాపులు కళ్ల ముందు కనిపిస్తాయి, బిస్కెట్లు, గమ్మీల రూపంలో కూడా ఉంటుంది. ఇండియాలో దిగాక అదంతా ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కిందకి వచ్చే నేరం. కొద్ది మొత్తానికి కూడా జైలు శిక్ష ఉంది, వాణిజ్య స్థాయి అయితే 10 నుంచి 20 ఏళ్లు. బ్యాంకాక్ నుంచి వచ్చే ఫ్లైట్ల మీద శంషాబాద్‌తో సహా మన ఎయిర్‌పోర్టుల్లో గట్టి నిఘా ఉంటుంది, హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీళ్లలో పెంచిన) గంజాయి తరచూ పట్టుబడుతోంది కాబట్టి.

అందుకే రెండు పనులు చేయండి. ఒకటి, బ్యాగులో ప్రతి జేబూ తిప్పి చూడండి. ఎవరో బహుమతిగా ఇచ్చిన మిఠాయి ప్యాకెట్ మీద ఏం రాసుందో చదవండి. రెండు, ఎవరి పార్శిలూ తేకండి. ‘మనవాళ్లే కదా అన్నా, మా తమ్ముడు ఎయిర్‌పోర్టు బయటే తీసుకుంటాడు’ అని తెలుగులో ఎంత ఆప్యాయంగా అడిగినా సరే. మీ పేరు మీద ట్యాగ్ ఉన్న బ్యాగులో ఏం దొరికినా జవాబు చెప్పాల్సింది మీరే. మొహమాటం అక్కడితో వదిలేయండి, ‘నాకు కుదరదు’ అని చెప్పడమే చాలు.

మిగిలినవి:
- ☐ వేప్, ఈ-సిగరెట్: 2019 చట్టం ప్రకారం ఇండియాలోకి దిగుమతి నిషేధం. థాయ్‌లాండ్‌లో కూడా చట్టవిరుద్ధమే.
- ☐ డ్రోన్: విదేశీ డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం.
- ☐ మొక్కలు, విత్తనాలు, తాజా పండ్లు, మాంసం, పాల పదార్థాలు: కస్టమ్స్ డిక్లరేషన్‌లో వీటిని అడుగుతారు. వదిలేయడం మంచిది.
- ☐ తాబేళ్లు, పక్షులు, దంతం, పగడం: ముట్టుకోకండి.
- ☐ మద్యం 2 లీటర్ల దాకా, సిగరెట్లు 100 దాకా సుంకం లేదు.
- ☐ బంగారం: యావోరాత్ బంగారు కొట్లు ఆశపెడతాయి. నగలకు ఉన్న మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్లకే, మూడు నెలలు తిరిగినవాళ్లకు కాదు. కొంటే డిక్లేర్ చేసి సుంకం కట్టాలి.

సుంకం లేకుండా తెచ్చుకోగల వస్తువుల మొత్తం విలువ పరిమితి మారుతూ ఉంటుంది. బయల్దేరే వారం కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూడండి. కస్టమ్స్ వాళ్ల ‘అతిథి’ యాప్‌లో డిక్లరేషన్ ముందే నింపొచ్చు. ఇండియా నుంచే తీసుకెళ్లిన ఖరీదైన కెమెరాకి బిల్లు ఫొటో ఫోన్‌లో ఉంచుకుంటే, అక్కడ కొన్నారా అనే ప్రశ్న త్వరగా తేలిపోతుంది.

## 9. మిగిలిన డబ్బు

ఆఖరి మూడు రోజుల ఖర్చు కాగితం మీద వేసుకుని, దానికి సరిపడా మాత్రమే తీయండి. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకి ప్రతిసారీ 220 బాత్ లేదా అంతకు పైన వసూలు చేస్తాయి. ఆఖరి రోజు 1,000 బాత్ కోసం ఏటీఎంకి వెళ్తే ఐదో వంతు అక్కడే పోతుంది.

చిల్లర ఎవరూ మార్చరు. నాణేలన్నీ సెవెన్ ఎలెవన్‌లో ఖర్చుపెట్టేయండి. నోట్లు పెద్దగా మిగిలితే ఊళ్లోని మార్పిడి కౌంటర్లలో మార్చుకోండి, ఎయిర్‌పోర్టు కంటే మంచి రేటు వస్తుంది. లావో కిప్, కంబోడియా రియెల్ లాంటివి ఆ దేశం వదిలేముందే వదిలించుకోవాలి, హైదరాబాద్‌లో వాటిని తీసుకునేవాళ్లు దొరకడం కష్టం.

ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం 2,000 డాలర్లకు సమానమైన విదేశీ నోట్లు తర్వాతి ట్రిప్‌కి దాచుకోవచ్చు. అంతకు మించినవి తిరిగొచ్చిన 180 రోజుల్లో బ్యాంకుకో మనీ చేంజర్‌కో ఇచ్చేయాలి.

## 10. ఫ్లైట్ రోజు, గంటల వారీగా

సువర్ణభూమి నుంచి రాత్రి 10 గంటల ఫ్లైట్ అనుకుంటే:

1. ఉదయం 9: ఆన్‌లైన్ చెక్‌ఇన్ సరిచూసుకోండి, బోర్డింగ్ పాస్ ఫొటో తీయండి.
2. 11: రూమ్ ఖాళీ. మంచం కింద, దిండు కింద, చార్జింగ్ ప్లగ్గు, బాత్రూమ్ కొక్కెం, లాకరు, ఫ్రిజ్: ఈ ఆరు చోట్లా చేయి పెట్టి చూడండి.
3. 11 నుంచి 4: బ్యాగు హాస్టల్‌లో వదిలి దగ్గర్లోనే ఉండండి. అయుత్తయ లాంటి దూరాలు ఈరోజు వద్దు.
4. 5: స్నానం, బట్టలు మార్చుకోవడం.
5. 5:30: బయల్దేరడం. సాయంత్రం ట్రాఫిక్‌లో ట్యాక్సీని నమ్ముకోవద్దు. ఫయా థాయ్ స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ 45 బాత్, అరగంట లోపే దింపుతుంది.
6. 7: కస్టమ్స్ ముద్ర (వ్యాట్ వాపసుకి అవసరమైతే), చెక్‌ఇన్. చాలా ఎయిర్‌లైన్లు ఫ్లైట్‌కి గంట ముందే కౌంటర్ మూసేస్తాయి.
7. 8: సెక్యూరిటీ, ఇమ్మిగ్రేషన్. ఎగ్జిట్ ముద్ర పడాలంటే పాస్‌పోర్టు కవర్ తీసి ఇవ్వండి.

తప్పు ఎయిర్‌పోర్టుకి వచ్చేశారా? రెండింటి మధ్య ఉచిత షటిల్ బస్సు ఉంది, అవతలి ఎయిర్‌పోర్టు టికెట్ చూపిస్తే ఎక్కనిస్తారు. టైము తక్కువుంటే ట్యాక్సీ ఎక్కి ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వెళ్లమనండి. టోల్ మీరే కట్టాలి, చిల్లర చేతిలో ఉంచుకోండి.

## 11. శంషాబాద్‌లో దిగాక

వాచీ గంటన్నర వెనక్కి తిప్పండి. బెల్టు మీద బ్యాగు రాగానే అక్కడే చూడండి. చిరిగినా, రాకపోయినా బయటకు వెళ్లకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో రిపోర్టు రాయించి కాపీ తీసుకోవాలి. బయటకు వచ్చాక చెబితే బరువు ఉండదు.

అర్ధరాత్రి దిగి విజయవాడ, ఖమ్మం వైపు వెళ్లాల్సినవాళ్లకు బస్సులు ఎల్బీ నగర్‌లో, కర్నూలు, అనంతపురం వైపు వాళ్లకు ఆరాంఘర్‌లో దొరుకుతాయి. సీటు ముందే బుక్ చేసుకుంటే ఫ్లైట్ ఆలస్యానికి కనీసం మూడు గంటలు వదలండి.

ఇంట్లో బ్యాగుని మంచం మీద పెట్టకండి. బాల్కనీలోనో డాబా మీదో విప్పి, బట్టలు నేరుగా వేడి నీళ్లలో వేయండి, ఖాళీ బ్యాగు రెండు రోజులు మంచి ఎండలో ఉంచండి.

మొదటి వారంలోనే ఇన్సూరెన్స్ క్లెయిమ్ పంపండి, ఫారెక్స్ కార్డులో మిగిలింది వెనక్కి తీసుకోండి, స్టేట్‌మెంట్‌లో మీరు చేయని లావాదేవీ ఏమైనా ఉందా చూడండి.

ఇక జ్వరం. డెంగీ లక్షణాలు దోమ కుట్టిన రెండు వారాల్లోపు బయటపడతాయి. మలేరియా మాత్రం వారాలు, కొన్నిసార్లు నెలల తర్వాత కూడా రావచ్చు. జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని చూద్దాంలే అనుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏ దేశాలు, ఏ అడవులు, ఏ తేదీల్లో తిరిగారో డాక్టరు అడగకముందే మీరే చెప్పండి, రెండింటికీ రక్తపరీక్ష చేయమనండి. బ్రూఫెన్, ఆస్పిరిన్ మాత్రం వేసుకోకండి, డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.